ఎత్తిన చెయ్యి

నల్లగండ్ల,
ఫిబ్రవరి 25

ప్రశాంతీ,

'చెల్లె' అని రాయబోయి ఆగాను. చెయ్యి రాలేదు.

నీ నంబరు బ్లాక్ చేశాను. నవనీత ఫోన్లో కూడా చేయించాను, వదినతో రాయబారాలు నడపకు. చెప్పేది ఏమన్నా ఉంటే కాగితం మీద రాసి అమ్మ చేతికివ్వు. ప్రతి ఆదివారం మీ కూకట్‌పల్లికి వస్తుంది కదా, తెచ్చిస్తుంది. ఆమెకు చదువు రాదు కాబట్టి కవరు అంటించే శ్రమ కూడా నీకు లేదు. ఫోన్లో అయితే నువ్వు మాట మార్చేస్తావు. కాగితం మీద రాసింది రాసినట్టే ఉంటుంది.

పదకొండో రోజు నాయినకు పిండం పెట్టి వచ్చి ఇంకా తల మీద పోసుకున్న నీళ్ళు కూడా ఆరలేదు, నువ్వు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళావు. "గేటు కెమెరా వీడియో పరిశీలించాను, డ్రైవరు తప్పు లేదు, మా నాన్న సూటిగా కారువైపే చూశాడు, చూసి కూడా అడ్డం వచ్చాడు" అని రాసిచ్చి సంతకం పెట్టావు. ఎస్సై ఆ కాగితం నా ముందు పెట్టి, "ఏందన్నా, మీ చెల్లె గిట్ల రాసిచ్చింది?" అని అడిగాడు. నేను తల ఎక్కడ పెట్టుకోవాలో నువ్వే చెప్పు.

నువ్వు హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేదానివి, నాది జిరాక్స్ షాపు. అయినా దేవుడు నాకూ రెండు కళ్ళిచ్చాడు, ఆ వీడియోలో నాకు కనిపించింది చెప్తాను. ఫిబ్రవరి పదమూడు, సాయంత్రం ఆరూ నలభై. అపార్ట్‌మెంట్ టవర్ల రెండో గేటు. తొమ్మిదేళ్ళుగా నాయిన వాచ్‌మన్‌గా నిలబడ్డ గేటు. అది కట్టిన చోట ఒకప్పుడు మన జొన్న చేను ఉండేదని నీకు గుర్తుందో లేదో. బయటి క్యాబు వస్తే ఆపి, నంబరు రాసుకుని పంపడం ఆయన పని. ఆ రోజు కూడా క్యాబు వచ్చింది. నాయిన ముందుకు నడిచాడు, చెయ్యి ఎత్తాడు. ఆపమన్నాడు. ఆ సాయిచంద్ అనేవాడు ఆపలేదు. వాచ్‌మనే కదా, వాడే తప్పుకుంటాడులే అనుకున్నాడు. గుద్దేశాడు.

ఇంతే. దీనికి చదువు అక్కర్లేదు. టవర్లలో ఉండేవాళ్ళకీ, వాళ్ళను మోసే బండ్లకీ మనం మనుషుల్లా కనిపించం. మన భూమి కోల్పోయినవాళ్ళ సంఘం ఈ కేసును వదలదు. నిర్లక్ష్యం కేసు కాదు, హత్య కేసు పెట్టిస్తాం. నువ్వు ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకో. తీసుకోకపోతే సంవత్సరీకానికి కూడా మా గడప తొక్కకు.

రవీందర్


కూకట్‌పల్లి,
మార్చి 2

రవీందర్ అన్నకు,

నీ ఉత్తరం అందింది. అమ్మ ఇంటికొచ్చి, నువ్వు చెప్పిన గడప గురించి ఏమీ తెలియక, మీ వీధిలో కాసిన చిక్కుడుకాయలు కూడా ఇచ్చి వెళ్ళింది.

నేను ఏం పని చేస్తానో నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. "చల్లటి గదిలో కంప్యూటర్ ముందర కూసుంటది" అని మీ సంఘం వాళ్ళకు చెప్పి నవ్వుతావు. విను. రోడ్ల మీద కెమెరాల్లో పడిన ప్రమాదాల వీడియోలు మా దగ్గరికి వస్తాయి. ఒక్కో వీడియోను ముగ్గురు విడివిడిగా చూస్తారు. తప్పు బండిదా, మనిషిదా అని గుర్తు పెడతారు. ముగ్గురిలో ఇద్దరు ఏది అంటే అదే నిజంగా నమోదవుతుంది. దాన్ని చూసి, డ్రైవరు లేకుండా బండి నడిపే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటుంది. ఆ ముగ్గురి మీద పెద్దను నేను. ఇప్పటికి కొన్ని వేల చావులు చూసి ఉంటాను. చూస్తూ ఏడిస్తే పని జరగదు.

నాన్న వీడియో నలభై ఒక్క సెకన్లు. దాన్ని ముక్కముక్కగా ఆపి చూశాను. కారు వేగం ముప్పై దాటలేదు. గుద్దడానికి ముందు కారు ముందు భాగం కిందికి వంగింది, అంటే బ్రేకు వేశాడు. నాన్న కారు వైపు తిరిగాడు, సూటిగా దానివైపే చూశాడు, మూడు సెకన్లు చూశాడు. చూసి కూడా రోడ్డు మీదికి దిగాడు. చెయ్యి ఎత్తింది కారు మీదికి వచ్చేశాక. ఆపాలనుకునేవాడు అంత ఆలస్యంగా ఎత్తడు. ఇది నా అభిప్రాయం కాదు. వీడియోలో ఉన్నది ఇదే. వీడియోకు కులం లేదు, జొన్న చేను లేదు.

నువ్వు వీడియో చూడలేదన్నా. చూడకముందే నీ దగ్గర కథ ఉంది, వీడియోను అందులో అతికించావు. ఒకవేళ నాన్న మెట్ల మీంచి జారి పడి ఉన్నా, ఆ మెట్లు కట్టింది టవర్లవాళ్ళే అనేవాడివి.

నాన్న మీద ప్రేమ లేదా అని మాత్రం అడగకు. నువ్వు ఎంత ఏడ్చావో నేనూ అంతే ఏడ్చాను, కాకపోతే మైకు పెట్టుకోలేదు.

కాగితం వెనక్కి తీసుకోను.

ప్రశాంతి


నల్లగండ్ల,
మార్చి 14

ప్రశాంతీ,

నాన్న, నాన్న, నాన్న. నాలుగు పేజీల్లో ఒక్కచోట కూడా 'నాయిన' అని రాయలేదు. రోహిత్‌ను చేసుకుని కూకట్‌పల్లిలో కాపురం పెట్టాక మీ అత్తగారి ముందు ఆ మాట అనడానికి నామోషీ అయింది, సరే. నాకు రాసే ఉత్తరంలో కూడా నామోషీయేనా? ఆయన బతికుండగా నువ్వు "నాన్నగారండీ" అని పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

వేల చావులు చూశావు, అందుకే ఈ చావు కూడా నీకు లెక్కలోకి రాలేదు. ముగ్గురిలో ఇద్దరంటే నిజమా? మా సంఘంలో రెండు వందల మంది ఉన్నారు, అందరం ఒక్కటే అంటున్నాం. మరి మాది నిజం కాదా? మీ ముగ్గురికీ జీతమిచ్చేవాడు ఎవడో వాడి నిజమే మీ నిజం.

నీ కాగితం ఏమైందో తెలుసా? ఎస్సై దాన్ని పక్కన పెట్టాడు. "మీ చెల్లె చెప్పింది నమ్ముదామంటే ఒక్క దగ్గర ఆగుతుంది. కండ్లున్న మనిషి, తొమ్మిదేండ్ల నుంచి గదే పని చేసేటోడు, కారును సూస్కుంట దానికి ఎదురువోతడా?" అన్నాడు. పోడు. నేనూ అదే అన్నాను. గార్డులను పెట్టే ఏజెన్సీవాడు "కల్లు తాగి ఉన్నాడేమో" అని పుల్ల పెట్టాడు. పోస్టుమార్టంలో చుక్క మందు లేదని తేలింది. అంటే మిగిలింది ఒక్కటే. ఆయన ఆపమన్నాడు, వాడు ఆపలేదు.

సోమవారం గేటు ముందు ధర్నా చేశాం. నా షాపులోనే ఫ్లెక్సీలు వేశాను, సాయిచంద్ ఫొటో పెట్టి కింద 'హంతకుడు' అని. సాయంత్రానికి సెక్షన్లు మార్చి హత్య కేసు చేశారు. వాడు ఇప్పుడు జైల్లో ఉన్నాడు, ఇప్పట్లో బయటికి రాడు.

వాడి పెళ్ళాం స్వాతి మన ఇంటికొచ్చి అమ్మ కాళ్ళ మీద పడింది. "మా ఆయన చీమకు కూడా అపకారం చెయ్యడు" అంటుంది. అందరి మొగుళ్ళూ పెళ్ళాలకు అట్లాగే కనిపిస్తారు. బయటికి పంపించాను. అమ్మ ఆమె వెనకాల వీధి చివరిదాకా వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

రవీందర్


కూకట్‌పల్లి,
మార్చి 23

అన్నా,

నువ్వు ఫ్లెక్సీ వేసిన మనిషి ఇంటి కథ కొంచెం చెప్తాను.

బుధవారం స్వాతి మా ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఉంది. పొద్దున ఎనిమిదింటి నుంచి ఎండలో ఉందట. నేను భోజనానికి దిగితే నా మెళ్ళోని కార్డు మీద పేరు చదివి దగ్గరికొచ్చింది. "మేడం, మీరు నిజం రాసిచ్చిన్రంట కదా, ఇంకోపాలి గట్టిగ చెప్పుండ్రి" అంది. హఫీజ్‌పేటలో వాళ్ళ ఇంటి ఓనరు గది ఖాళీ చెయ్యమన్నాడు, హంతకుడి పెళ్ళానికి కిరాయికి ఇవ్వనన్నాడు. నీ ఫ్లెక్సీలు హఫీజ్‌పేట దాకా వెళ్ళాయి, నీకు అభినందనలు. ఆ సాయిచంద్‌కు కూడా ఒకప్పుడు పొలం ఉండేది. వికారాబాద్ వైపు ఉన్న ఆ పొలం అమ్ముకుని కారు కొన్నాడు. మీ సంఘంలో సభ్యుడు కావాల్సినవాడు. నువ్వు అతన్ని టవర్ల లెక్కలో వేశావు, కారు నడిపాడు కాబట్టి.

ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "మీ నాయిన ఎందుకు ఆగలే మేడం? గంత ముందర కారు కనబడలేదా?"

ఆ జవాబు చెప్పాల్సింది నువ్వు.

ఎందుకు ఆగలేదో నాకు తెలుసు. మూడో రోజు, మీరంతా బయట కుర్చీలు సర్దుతుంటే, నవనీత వదిన వంటింట్లో నా చెయ్యి పట్టుకుని చెప్పింది. అందుకేగా ఆమె ఫోన్లో నన్ను బ్లాక్ చేయించావు? జనవరిలో టవర్ల అసోసియేషన్ వాళ్ళు పనివాళ్ళకు కంటి క్యాంపు పెట్టారు. నాన్నకు రెండు కళ్ళలో పొర ముదిరిందని చూసి, ఆపరేషన్‌కు చీటీ రాసిచ్చారు. జనవరి పందొమ్మిది, పొద్దున ఎనిమిది గంటలకు, ఏమీ తినకుండా రావాలి. ఉచితంగా చేసేవాళ్ళు. ఆయన ఆ చీటీ చొక్కా జేబులో పెట్టుకుని సంతోషంగా ఇంటికొచ్చాడు. నువ్వు ఏం చేశావు? "మన చేను మింగినోళ్ళు మన కండ్లు బాగు చేస్తరా? గా బిచ్చం మనకొద్దు" అని చీటీని రెండు ముక్కలు చేశావు. ఆయన ముక్కలు ఏరుకుని వెళ్ళి పడుకున్నాడట.

ఇప్పుడు చెప్పు, మీ రెండు వందల మందికి. ఆ చీటీ సంగతి చెప్పి, ఆ తరువాత 'హంతకుడు' అని రాసుకో, ఎవరి ఫొటో కింద రాయాలో అప్పుడు వాళ్ళే చెప్తారు.

ప్రశాంతి


నల్లగండ్ల,
మార్చి 29

ప్రశాంతీ,

గురివింద గింజ సామెత నీకోసమే పుట్టింది.

అవును, చింపాను. చింపినందుకు ఆ రోజు గర్వపడ్డాను కూడా. మన రెండెకరాలు చేతిలో పెట్టుకుని, నాయిన చేతిలో కర్ర పెట్టి గేటు దగ్గర నిలబెట్టినవాళ్ళు, ఏడాదికోసారి ఫొటోగ్రాఫర్‌ను పిలిచి మందు చుక్కలు వేస్తే మనం దండం పెట్టాలా? ఆ దండం పెట్టలేక చింపాను. ధర్నాలు అయిపోగానే సర్కారు దవాఖానకు నేనే తీసుకుపోదామనుకున్నాను. ఫిబ్రవరి చివర్లో పోదామని నాయినతో అన్నాను కూడా.

అసలు సర్కారు దవాఖానకు డిసెంబరులోనే పోవాల్సింది. ఎవరు వద్దన్నారు? చెప్పనా?

నవంబరు ఇరవై ఒకటో తారీఖున నువ్వే కదా ఆయన్ని కొండాపూర్‌లో పెద్ద కంటి క్లినిక్కుకు కారులో తీసుకుపోయావు. డాక్టరు రాసిచ్చిన కాగితం నాయిన నా షాపుకే తెచ్చాడు, జిరాక్స్ తియ్యమని. నాకు ఇంగ్లీషు అంత రాదనుకున్నావేమో. కుడి కన్ను పూర్తిగా పోయింది, ఎడమది సగం. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. చీకటి పడ్డాక, లైట్ల వెలుతురులో డ్యూటీ చెయ్యకూడదు. 'వెంటనే' అనే మాట కింద గీత కూడా గీశాడు ఆ డాక్టరు. ఒరిజినల్ నువ్వే తీసుకుపోయి దాచుకున్నావు.

నువ్వేమన్నావు? మీ ఆఫీసు ఇన్సూరెన్సులో తల్లిదండ్రుల పేర్లు ఏప్రిల్‌లోనే చేర్చుకుంటారు, అప్పటిదాకా ఆగమన్నావు. "ఐదు నెలలే కదా నాన్నా" అన్నావు. నేను దవాఖానకు తీసుకుపోతానంటే "అక్కడ ఉన్న చూపు కూడా పోతుంది, ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంటుంది" అన్నావు. చేతిలో డబ్బు లేక ఆగమన్నావా? లేదు. పద్ధతి. ఆ పద్ధతి ప్రకారం ఆయన ఫిబ్రవరిలో చచ్చిపోయాడు.

అన్నీ తెలిసి స్టేషన్‌కు పోయి "సూటిగా కారువైపే చూశాడు" అని రాసిచ్చావు. ఏ కంటితో చూశాడమ్మా? ఎస్సై 'కండ్లున్న మనిషి' అన్నప్పుడు నీ సంచిలోనే ఉంది కదా ఆ కాగితం?

నా చీటీ నేను బయటపెట్టాలా? నువ్వు ముందు నీ కాగితం పెట్టు. సాయిచంద్ మీద అంత జాలి ఉంటే అదే చాలు వాణ్ణి బయటికి తేవడానికి. పెట్టవు. నాకు తెలుసు.

రవీందర్


కూకట్‌పల్లి,
ఏప్రిల్ 6

అన్నా,

పెట్టను. నువ్వు సంతోషించు.

ఆ కాగితం ఎస్సై చేతికిస్తే మొదట అడిగేది తేదీ గురించి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏం చేశారమ్మా అంటాడు. ఏప్రిల్ కోసం ఆగామని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నీకు మైకు ఉంది, నీ తప్పును నినాదంలో కలిపేస్తావు. నాకు అది కూడా లేదు. అందుకే వీడియో చాలనుకున్నాను. వీడియోలో ఉన్నదే చెప్తే అబద్ధం చెప్పినట్టు కాదు కదా అనుకున్నాను.

ఇంకొకటి కూడా రాస్తాను, ఎలాగూ మన మధ్య ఇక మిగిలిందేమీ లేదు. స్టేషన్‌కు వెళ్ళే ముందు నాన్న ముఖం మసక చేసి ఆ వీడియోను మా వాళ్ళ ముగ్గురికీ ఇచ్చాను, రోజూ వచ్చే వీడియోల్లో కలిపి. ఇద్దరు 'తప్పు మనిషిదే' అన్నారు. మూడో అమ్మాయి ఉమాశ్రీ, జనవరిలోనే చేరింది. గుర్తు పెట్టకుండా కింద ఒక మాట రాసింది. 'ఈ పెద్దాయనకు కారు కనిపించినట్టు లేదు. చూపు ఉందో లేదో కనుక్కోవాలి.' మా ఫారంలో అలాంటి గడి లేదు. పైగా ఇద్దరు ఒకటన్నారు. పద్ధతి ప్రకారం ఆమె రాసింది కొట్టేశాను. ఇంకోసారి ఇలాంటివి రాయొద్దని ఆమెను మందలించాను కూడా.

నా చేత్తో నేనే కొట్టేశానన్నా. నీకు ఇది ఆయుధమవుతుందని తెలిసే రాస్తున్నాను, వాడుకో.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. కానీ నీ పిడికిలి నీకెప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది. ఆ సాయిచంద్ జైల్లో ఉన్నది నా మౌనం వల్ల సగమైతే, నీ ఫ్లెక్సీ వల్ల సగం. బుధవారం పదహారో తారీఖున బెయిలు వాయిదా ఉందని స్వాతి చెప్పింది. మళ్ళీ గేటు దగ్గరే నిలబడి చెప్పింది. నేను వెనక గేటు నుంచి వెళ్ళడం నేర్చుకున్నాను.

ఒకటో తారీఖున ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. తల్లిదండ్రుల పేర్లు చేర్చుకోవచ్చట. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇప్పటికే ఉన్న జబ్బులు. మూడు ఖాళీలు. నేను ఆ పేజీ తెరిచి పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను.

ఇక రాయకు.

ప్రశాంతి


హఫీజ్‌పేట,
ఏప్రిల్ 12

రవీందర్‌కు, ప్రశాంతికి,

నేను చెప్తుంటే సాయిచంద్ పెండ్లాం స్వాతి రాస్తున్నది. జర మర్యాదగ మార్చి రాస్తనన్నది. మార్చకు బిడ్డా, నేనన్నది అన్నట్టే రాయి అన్న. ఇద్దరికి ఒక్కటే ఉత్తరం, రెండు కాయితాల మీద రాసింది.

మీరు ఇచ్చిన ఉత్తరాలు కూరగాయల సంచిల పెట్టుకొని మోసిన. నాకు చదువు రాదని మీకు ధైర్యం. స్వాతి ఇంటికొచ్చి నా కాళ్ళు పట్టుకుంటే రవీందర్ ఎల్లగొట్టిండు గదా, నేను ఎనకవోయి ఆమె ఇల్లెక్కడనో అడిగిన. అప్పటి సంది ప్రతిసారి ఈడ బస్సు దిగి, ఆమెతోని చదివిచ్చుకొని, మళ్ళ బస్సెక్కిన. మీరు చదివి పడేసినవి తీసి నా కాడ దాచుకున్న, మొదటివి సుత గట్లనే చదివిచ్చుకున్న. ఆమె మొగని మీద మీరు రాసింది ఆమెనే చదివింది. ఏడ్చుకుంట చదివింది గని ఒక్క ముక్క ఇడిచిపెట్టలే.

ఆ వీడియో నాకెవ్వలు సూపియ్యలే. ముసల్ది ఏడుస్తదనుకున్నరు. ఊరంత సూసింది, టీవీవోళ్ళు సూసిన్రు, ప్రశాంతి ఆఫీసుల ముక్కు మొఖం తెల్వనోళ్ళు సూసిన్రు. ఆయన పెండ్లాన్ని, నేనే సూడలే. మొన్న స్వాతి ఫోన్ల సూసిన. కొడుకు బిడ్డ ఉండంగ పరాయోల్ల ఫోన్ల సూసుకున్న మొగని సావు.

ఆయన చెయ్యి లేపిండు. కారు ఆపమన్నడని రవీందర్ అన్నడు. ఆలస్యంగ లేపిండని ప్రశాంతి అన్నది. నలభై ఏండ్లు ఒక్క ఇంట్ల బతికినదాన్ని, ఆ చెయ్యి నాకు తెల్వదా? లైటు కంట్ల కొడితే ఆయన గట్లనే పెట్టుకుంటడు. ఇంట్ల కరెంటు బుగ్గ ఏస్తే గట్లనే. టీవీ పెడితే గట్లనే. దసరా కాడి నుంచి గట్లనే. ఆపేటోని అరచెయ్యి కారు దిక్కుంటది. ఆయన అరచెయ్యి కండ్ల మీదికున్నది. సూడుండ్రి పోయి. ఒగలు ముక్కముక్క చేసి సూస్తిరి, ఒగలు రెండు వందల మందిని కూడేసి సూపిస్తిరి. మీకెందుకు కనబడలే? రోజు అన్నం కాడ గట్ల పెట్టుకుంటుంటె ఎన్నడన్న ఆయన మొఖం దిక్కు సూసిన్రా?

నేను సుత మంచిదాన్ని కాదు. సూపర్‌వైజర్ అడిగితే, మా ఆయనవి డేగ కండ్లు అని చెప్పిన. నౌకరి పోతదని భయం. వాచ్‌మన్ గుడిసె కాడి నుంచి గేటు కడ్డీ దాక పద్నాలుగు అడుగులని చెయ్యి పట్టుకొని నడిపిచ్చి నేర్పింది నేనే. ఆ పాపం నాది. ఆయనకు సూపు లేదని స్టేషన్ల చెప్పిన. "నోటి మాట నడ్వదమ్మా, కాయితముండాలె" అన్నరు. కాయితం ఒకటి బిడ్డ కాడున్నది, ఒకటి కొడుకు చింపిండు.

స్వాతి లాయరు మీ ఉత్తరాలు ఇమ్మన్నడు. గివి చాలమ్మా, అంత దీంట్లనే ఉన్నది అన్నడు. స్వాతి నా దిక్కు సూసింది గని అడగలే. నేను ఇయ్యలే. మిమ్మల్ని నేను పట్టియ్య. మీ ఉత్తరాలు మీకే పంపుతున్న. ఇస్తే మీరే ఇయ్యాలె, లేకుంటే పొయ్యిల పెట్టుకోండ్రి.

బుధవారం నేను స్వాతి ఎంబడి పోతున్న. నా కోసం ఎవ్వలు ఫికర్ చెయ్యకుండ్రి. ఇగ మీ సంచులు మొయ్య.

భాగ్యమ్మ వేలిముద్ర


నల్లగండ్ల,
ఏప్రిల్ 14

ప్రశాంతీ,

అమ్మ రాలేదు కాబట్టి ఇది నవనీత చేత పంపుతున్నాను. ఆమె ఫోన్లో నీ నంబరు తెరిచింది. నన్ను అడగలేదు.

అమ్మ ఉత్తరం రెండుసార్లు చదివి, వీడియో తీశాను. చెయ్యి దగ్గర ఆపాను. ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో, ఎంతమందికి చూపించానో నాకే తెలియదు. ఆ చెయ్యి ఫొటోనే ఫ్లెక్సీ మీద పెద్దగా వేశాను, కింద 'ఆపమన్నాడు, ఆపలేదు' అని. అరచెయ్యి కళ్ళ మీదికే ఉంది. ఫ్లెక్సీలో కూడా అట్లాగే ఉంది. నేనే డిజైన్ చేశాను, నేనే ప్రింట్ తీశాను, నాకు కనపడలేదు.

నేను టవర్లవాళ్ళను క్షమించలేదు. మా సంఘాన్ని వదలను. నిన్ను కూడా క్షమించలేదు, ఆ ఉమాశ్రీ అనే పిల్ల రాసింది కొట్టేశావే, అది నేను చచ్చేదాకా మర్చిపోను. నువ్వు కూడా నా చీటీ మర్చిపోవద్దు. ఇందులో ఎవరం తగ్గాల్సిన పని లేదు.

చీటీ దొరికింది. నాయిన ఏరుకున్న ముక్కలు పాత యూనిఫాం జేబులో మడతపెట్టి ఉన్నాయి. నవనీత ఉతకకుండా దాచిన చొక్కా అది. రెండు ముక్కలూ అతికించాను. జిరాక్స్ తీస్తే చింపిన గీత కూడా పడింది. చెరిపేద్దామని చూశాను, పోలేదు, వదిలేశాను.

నిన్న సాయంత్రం సంఘంలో చెప్పాను. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఒకడు, "గిప్పుడెందుకన్నా గివన్ని, కేసు మంచిగ నడుస్తున్నది గదా" అన్నాడు.  నెల క్రితమైతే నేనే ఆ మాట అనేవాణ్ణి.

బుధవారం పదిన్నరకు కోర్టు. నీ నవంబరు కాగితం తే, ఒరిజినల్. జిరాక్స్ చెల్లదట. నా పక్కన నిలబడకు, నాతో మాట్లాడకు. స్వాతి లాయరు దగ్గరికి వెళ్ళాను, మన ఇద్దరినీ ఒకటే అడుగుతారని అన్నాడు. మీ నాయినకు చూపు లేదని మీకు ఎప్పటి నుంచి తెలుసు అని.

ముందు నన్ను పిలుస్తారు. నేను నవంబరు అని చెప్తా. నువ్వు కూడా నవంబరనే చెప్పు.

రవీందర్